చిన్న బండికి వీడ్కోలు చెప్పిందెవరు?

పాలమూరు ‘చిన్న లైను’ జ్ఞాపకాలు
జపాన్‌లో పాత బండ్లకు ఘన వీడ్కోలు
ఉన్న ఆనవాళ్లనైనా దాచుకోవాలి

మహబూబ్‌నగర్: ఊరి బడి పంతులు బదిలీపై వెళితే పూలదండ వేస్తారు. పోస్టుమన్ రిటైరైతే శాలువా కప్పుతారు. ముసలి ఎద్దును అమ్మాల్సి వచ్చిన రోజున కూడా రైతు దాని నుదుట ఇంత పసుపు రాసి, కడుపునిండా మేత వేసి మరీ పంపుతాడు. మరి దాదాపు ఎనిమిది దశాబ్దాల పాటు పాలమూరు జనాన్ని పట్నానికి మోసి, పట్నం నుంచి ఊరికి తెచ్చిన రైలుబండి వెళ్లిపోయినప్పుడు దానికి దండ వేసిందెవరు?

అరవై దాటిన వారిని కదిలిస్తే చాలు, ‘చిన్న లైను’ ముచ్చట్లు వాటంతట అవే బయటికి వస్తాయి. నేటి కుర్రకారుకు మాత్రం ఆ మాటే కొత్త. మహబూబ్‌నగర్ స్టేషనులో ఇప్పుడు ఉన్నవి రెండు పెద్ద లైన్లు. వాటిపైన కరెంటు తీగలు. సికింద్రాబాద్ - మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల మేర రెండో లైను వేసి, విద్యుదీకరించిన పనిని 2023 ఏప్రిల్‌లో ప్రధాని జాతికి అంకితం చేశారు. ఆ పనికి అయిన ఖర్చు రూ.1,400 కోట్ల పైమాటే. ఇంత హంగు చూసి పెరుగుతున్న పిల్లలకు, ఇదే దారిలో బారెడు వెడల్పు పట్టాల మీద పొగబండి నడిచిందంటే నమ్మబుద్ధి కాదు.

చిన్న లైను అంటే..

పట్టాకు పట్టాకు మధ్య ఎడమను గేజి అంటారు. ఇప్పుడున్న పెద్ద లైనులో ఆ ఎడం 1676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. చిన్న లైనులో సరిగ్గా ఒక మీటరు. అందుకే దానికి మీటరు గేజి అని పేరు. 1870 ప్రాంతంలో ఆంగ్ల ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి ఈ కొలతను ఎంచుకుంది. పట్టాలు దగ్గరగా ఉంటే కట్ట వెడల్పు తగ్గుతుంది. మట్టిపని తగ్గుతుంది. వంతెన సన్నదైనా సరిపోతుంది. గుట్టల మధ్య మలుపులు తిప్పడమూ తేలికే.

నిజాం రాజ్యంలో మొదటి రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది. అది పెద్ద లైనే. తరువాత వేసిన మన్మాడ్ లైను, దక్షిణాన గద్వాల వైపు వేసిన లైను మీటరు గేజివి. హైదరాబాద్‌లోని కాచిగూడ స్టేషను భవనం 1916 నాటిది. షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి రోడ్డు, గద్వాల ప్రయాణికులకు పట్నం అంటే మొదట కనిపించేది ఆ భవనమే. గద్వాలకు ముందు కృష్ణను, అలంపురం దాటాక తుంగభద్రను దాటి ఆ బండి కర్నూలు, ద్రోణాచలం దాకా సాగేది.

1930లో నిజాం ప్రభుత్వమే ఈ రైల్వేను కొని సొంతం చేసుకుంది. 1951లో అది భారత రైల్వేలలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1978లో హైదరాబాద్ పేరుతో వేరే డివిజను వచ్చింది. యజమానులు మారినా పట్టాల ఎడం మారలేదు. తాత ఎక్కిన బండినే తండ్రి ఎక్కాడు, తండ్రి ఎక్కిన బండినే కొడుకూ ఎక్కాడు.

ఇంజను మీది అక్షరాలు

బడికి వెళ్లే పిల్లలు ఇంజను ముందు రాసి ఉండే ‘వై.పి.’, ‘వై.జి.’ అక్షరాలను చదివేవారు. అర్థం మాత్రం చాలామందికి తెలియదు. ‘వై’ అంటే మీటరు గేజి. ‘పి’ అంటే ప్యాసింజరు, ‘జి’ అంటే గూడ్సు. పెద్ద లైను ఇంజనైతే ‘డబ్ల్యు’ అని మొదలవుతుంది. దేశమంతటా మీటరు గేజి ప్యాసింజర్లను లాగిన ఈ వై.పి. రకం ఇంజన్లు ఎనిమిది వందలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలా భాగం జంషెడ్‌పూర్‌లోని టెల్కో కర్మాగారంలో పుట్టినవే.

పెద్ద లైనుకు ఆఖరి ఆవిరి ఇంజను 1970లో చిత్తరంజన్‌లో తయారైంది. దానికి ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టారు. కడపటి నక్షత్రం అని అర్థం. మీటరు గేజికి చివరి ఆవిరి ఇంజను 1972లో వచ్చింది. ఆ తరువాత మెల్లగా డీజిల్ ఇంజన్ల కాలం వచ్చింది. కిటికీలోంచి తొంగిచూస్తే కళ్లలో బొగ్గునలుసులు పడే బాధ తప్పింది. తెల్లచొక్కా వేసుకుని బండెక్కి నల్లచొక్కాతో దిగడమూ తప్పింది.

ఒంటి లైను కావడంతో ఎదురు బండి రాకుండా చూడడమే పెద్ద పని. ఇందుకు టోకెను పద్ధతి ఉండేది. ముందు స్టేషను వరకు లైను ఖాళీగా ఉందని తేలితేనే యంత్రంలోంచి ఇనుప గుండు బయటికి వస్తుంది. దానిని బెత్తపు చుట్టకున్న సంచిలో పెట్టి డ్రైవరుకు అందిస్తారు. బండి కదులుతుండగానే ఇంజనులోని మనిషి చేయి చాచి ఒక చుట్టను అందుకోవడం, రెండో చుట్టను కిందికి విసరడం చూడముచ్చటగా ఉండేది. ఆ గుండు చేతిలో లేకపోతే స్టేషను దాటి బండి పోవడానికి వీలులేదు. అన్ని వందల ప్రాణాలు ఆ ఇనుప గుండును నమ్ముకుని ప్రయాణం చేశాయి.

ముల్లెలు, గంపలు, సద్దిమూటలు

చిన్న బండి దొరల బండి కాదు. పెట్టెలు ఇరుకు. బల్లలు కట్టెవి. అయినా కూలివాడు కూడా కొనుక్కోగల టికెట్టు దానిదే. వేలెడు అట్టముక్క మీద ఊరి పేరు, ధర అచ్చువేసి ఉండేవి. టికెట్టు బాబు దానిని తేదీ యంత్రంలో పెట్టి టక్కున నొక్కి ఇచ్చేవాడు. దిగాక గేటు దగ్గర ఇవ్వకుండా దాచుకోవడం పిల్లలకు సరదా.

సీతాఫలాల కాలం వస్తే గంపలు రైలెక్కేవి. దేశంలో పేరున్న సీతాఫల రకానికి ‘బాలానగర్’ అనే పేరు వచ్చింది ఈ లైను మీది బాలానగర్ నుంచే. జడ్చర్ల స్టేషను పక్కనే బాదేపల్లి మార్కెట్టు. పల్లికాయ సీజనులో ఆ చుట్టుపక్కల సందడే వేరు. కార్తీక మాసంలో కురుమూర్తి జాతర వచ్చిందంటే కురుమూర్తి స్టేషనులో నిలబడడానికి జాగా దొరికేది కాదు. తిరుపతి మొక్కున్నవారు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారు. అది కూడా మొదట్లో ఈ చిన్న లైను మీదే నడిచింది. కాచిగూడ నుంచి ఉత్తరాన జైపూర్ దాకా పోయే మీనాక్షి ఎక్స్‌ప్రెస్‌దీ మీటరు గేజే.

ఇక వలస సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రాజెక్టుల కట్ట పనులకు, కాలువ తవ్వకాలకు దేశమంతా తిరిగినవారు పాలమూరు కూలీలు. వానలు ముఖం చాటేసిన ఏట ఇంటికి తాళం వేసి, ముసలివారికి ఇంత గింజ చూపించి, పిల్లలను చంకనేసుకుని బయలుదేరేవారు. స్టేషను దాకా వచ్చి సాగనంపినవారు ఆ బండి వెనుక దీపం కనుమరుగయ్యే వరకు నిలబడేవారు. మళ్లీ పండుగకు ఆ బండి కూత వినిపిస్తే, మనవాళ్లెవరైనా దిగుతారేమోనని చూసేవారు. చాలా కుటుంబాలకు చిన్న బండి అంటే ప్రయాణం మాత్రమే కాదు, ఎడబాటు కూడా.

మరువరాని 1956

ఈ లైను చరిత్రలో చీకటి రాత్రి ఒకటి ఉంది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల - మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడడానికి ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి నైతిక బాధ్యత తనదేనంటూ రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ దానిని ఆమోదించలేదు. అదే ఏడాది నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు వద్ద మరో ఘోర ప్రమాదం జరగడంతో శాస్త్రి మళ్లీ రాజీనామా చేశారు. ఈసారి ఆమోదించక తప్పలేదు.

పదవికి రాజీనామా అనగానే నేటికీ దేశమంతా శాస్త్రి పేరే తలుచుకుంటుంది. అయితే ఆ రాజీనామా కథ మొదలైంది పాలమూరు మట్టిలో అన్న సంగతి జిల్లా పిల్లలలో ఎందరికి తెలుసు? చిన్న లైను జ్ఞాపకం అంటే సరదా ముచ్చట్లు మాత్రమే కాదు. అందులో ఈ కన్నీరు కూడా ఉంది. రెండింటినీ చెప్పుకోవాల్సిన బాధ్యతా ఉంది.

ఎందుకు తీసేశారు?

చిన్న లైనును తీసివేయడం తప్పని ఎవరూ అనరు. సరుకు కష్టం అంతా ఇంతా కాదు. చిన్న లైను పెట్టె పెద్ద లైను మీదికి ఎక్కదు. రెండు లైన్లు కలిసే జంక్షనులో మూటలన్నీ హమాలీలు దించి, మరో బండిలోకి ఎక్కించాలి. ఎరువులు ఆలస్యం. సిమెంటు ఆలస్యం. పగిలిన సంచులు, తడిసిన ధాన్యం నష్టం వేరు. ప్రయాణికులదీ అదే పాటు. పిల్లాజెల్లాతో బండి దిగి, మరో బండికి పరుగెత్తాలి.

1992లో దేశమంతటా ఒకే గేజి ఉండాలని రైల్వే శాఖ నిర్ణయించింది. ఆ పథకంలో భాగంగా 1990లలోనే పాలమూరు లైను పెద్ద లైనుగా మారింది. బెంగళూరు వైపు పోయే పెద్ద బండ్లు ఈ దారి పట్టాయి. 2013లో గద్వాల - రాయచూరు మధ్య రైలు వచ్చింది. దేవరకద్ర నుంచి కృష్ణ వరకు కొత్త లైను పూర్తయి, 2023 అక్టోబరు 1న ఆ దారిలో కాచిగూడ - రాయచూరు బండి మొదలైంది. ఇవన్నీ చిన్న లైను అలాగే ఉంటే జరిగేవి కావు.

పోయిన బండికి ఈ జిల్లా చేయాల్సిన మర్యాద మాత్రం బాకీ ఉండిపోయింది. పట్టాలు ఊడదీశారు, ఇనుము తూకానికి పోయింది. వచ్చే కొత్త బండి మీదే అందరి కళ్లు. పాతబండి చివరి కూత ఏ రోజున వినిపించిందో ఇప్పుడు చెప్పమంటే ఒక ఊరిలోనే నలుగురు నాలుగు మాటలు చెబుతారు.

అక్కడా చిన్న లైనే..

ఈ విషయంలో జపాన్‌వారిని చూసి నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది. జపాన్ అనగానే తుపాకీ గుండులా పోయే బుల్లెట్ రైలు గుర్తుకొస్తుంది. కాని ఆ దేశంలో అధిక భాగం మామూలు రైళ్లు నేటికీ నడిచేది 1067 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీదే. అంటే మన చిన్న లైను కంటే రెండున్నర అంగుళాలు మాత్రమే ఎక్కువ. 1872లో మొదటి రైలు వేసినప్పుడు వారు ఎంచుకున్న కొలత అది. 1964లో బుల్లెట్ రైలుకు వేరుగా వెడల్పు లైను వేసుకున్నారే కాని, చిన్న లైనును పీకివేయలేదు. టోక్యో, ఒసాకా నగరాల్లో లక్షలాది ఉద్యోగులను, కూలీలను, విద్యార్థులను ఆ చిన్న పట్టాల మీదే కరెంటు బండ్లు మోస్తున్నాయి.

ఆ బండ్లలో 103 శ్రేణి అనే రకం ఒకటి. 1963 నుంచి 1984 వరకు అలాంటి పెట్టెలను మూడు వేల నాలుగు వందలకు పైగా తయారు చేశారు. ఏ లైనుకు ఆ రంగు. ఒక లైనుకు ఆకుపచ్చ, మరొక దానికి నారింజ, ఇంకొక దానికి ఆకాశనీలం, వేరొక దానికి పసుపు. చదువురాని పిల్లవాడు కూడా రంగు చూసి తన బండి ఏదో చెప్పగలడు. అందులో సుఖమేమీ లేదు. రద్దీ వేళల్లో ఊపిరాడదు. మన ప్యాసింజరు బండి లాంటిదే, పేదా గొప్పా అందరి బండి.

అలాంటి బండికి వయసు మీరిందని తీసివేసే రోజు వస్తే జపాన్‌లో జరిగే హడావుడి చూడాల్సిందే. ఇంజను ముఖాన గుండ్రని పలక కట్టి, ఇన్నేళ్ల సేవకు కృతజ్ఞతలు అని రాస్తారు. స్టేషను అరుగుల మీద, గేట్ల దగ్గర, వంతెనల పక్కన కెమెరాలు పట్టుకుని జనం బారులు తీరుతారు. రైలు ఫోటోలు తీయడమే వ్యసనమైనవారికి అక్కడ ఒక పేరు, రైలెక్కి తిరగడమే ఆనందమైనవారికి మరో పేరు. బండి లోపలి శబ్దాన్ని రికార్డు చేసుకునేవారూ ఉన్నారు. బండి కదిలే వేళ ‘అరిగాతో’ అని కేకలు వేస్తారు. ధన్యవాదాలు అని ఆ మాటకు అర్థం.

టోక్యోలో చువో లైను మీది నారింజ రంగు 201 శ్రేణి బండి 2010లో సెలవు తీసుకుంది. ఒసాకా నగరం చుట్టూ తిరిగే లైనులో 103 శ్రేణి 2017లో ఆగిపోయింది. నారా లైనులో 2022లో, కోబె నగరంలోని చిన్న వాదమిసాకి లైనులో 2023లో ఆ బండ్ల పని ముగిసింది. ప్రతిచోటా జనం వచ్చారు. వచ్చినవారిలో ఆ బండిలో నిలబడి బడికి వెళ్లినవారు, కొలువు చేసినవారు ఉన్నారు.

అయితే అంతా మంచే అనుకోవడానికి లేదు. ఫోటోల పిచ్చితో తోపులాటలు, పట్టాల పక్కకు చొరబడడాలు, కొట్లాటలు కూడా అక్కడ జరుగుతున్నాయి. ఆ బెడదకు జడిసి, చివరి రోజు ఏదో ముందుగా చాటకుండానే బండిని తప్పించిన సందర్భాలూ ఉన్నాయి. అభిమానం హద్దు దాటితే ఎలా ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది.

బండి పోయినా దాని వస్తువులు వృథా కావు. ఊరి పేర్ల పలకలు, నంబరు రేకులు, పైన వేలాడే పట్టుకొమ్ములు అమ్మకానికి పెడితే పోటీపడి కొంటారు. టోక్యో దగ్గర ఒమియాలో 2007లో, క్యోటో నగరంలో 2016లో పెద్ద రైలు ప్రదర్శనశాలలు తెరిచారు. రాజులు ఎక్కిన పెట్టెలతో పాటు, రోజూ జనం ఎక్కి అరగదీసిన నారింజ రంగు బండి పెట్టెను కూడా అక్కడ తుడిచి నిలబెట్టారు.

ఇంకా బలమున్న పెట్టెలను పారేయరు. ఇండోనేషియా రాజధాని జకార్తాకు 2013 నుంచి 205 శ్రేణి పెట్టెలు ఎనిమిది వందలకు పైగా ఓడల మీద వెళ్లాయి. అక్కడ మరికొన్నేళ్లు జనాన్ని మోశాయి. తాము చిన్నప్పుడు ఎక్కిన బండిని మరోసారి చూసుకోవడానికి జపాన్ నుంచి సముద్రం దాటి జకార్తాకు వెళ్లినవారున్నారంటే ఆశ్చర్యం కలుగుతుంది. పుట్టింటి నుంచి అత్తవారింటికి పంపిన ఆడపడుచును చూడబోయినట్లు వెళ్లారు.

మద్రాసులో జపాన్ ఇంజన్లు

జపాన్‌కూ మన చిన్న లైనుకూ చుట్టరికం లేకపోలేదు. తెలుగువారు ఎందరో బతుకుదెరువుకు వెళ్లిన మద్రాసులో బీచ్ స్టేషను నుంచి తాంబరం వరకు మీటరు గేజి మీద కరెంటు రైళ్లు నడిచేవి. 1931లో మొదలైన మార్గమది. 1960లలో అక్కడి మీటరు గేజి కోసం వై.ఎ.ఎం.1 అనే కరెంటు ఇంజన్లను జపాన్ నుంచే తెప్పించారు. తమ దేశంలో సన్న పట్టాల మీద బండి నడిపిన అనుభవం వారికి దండిగా ఉంది కదా. డెబ్బయ్ ఏళ్లకు పైగా నడిచిన ఆ చిన్న లైను 2004లో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడా పెద్ద లైనే.

ఆర్టీసీ దాచిన బస్సు

పాతదాన్ని దాచుకోవడం మనవల్ల కాదనుకోవడం పొరపాటు. మన ఆర్టీసీకి పుట్టిల్లు కూడా నిజాం రైల్వేయే. 1932లో ఆ రైల్వేలో ఒక శాఖగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో బస్సుల సంస్థ మొదలైంది. స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు అప్పట్లో తిరిగేవి. వాటిలో ఒకదానిని ఆర్టీసీ బాగుచేసి హైదరాబాద్‌లోని బస్‌భవన్‌లో ఉంచింది. ఆ ఒక్క బస్సును చూస్తే చాలు, నాటి ప్రయాణం ఎలా ఉండేదో పుస్తకం లేకుండానే తెలుస్తుంది. వేల బస్సులు తుక్కుకు పోయినా ఒక్కటి మిగలడమే ఆ కథకు ఆధారమైంది. బస్సుకు జరిగిన మర్యాద రైలు పెట్టెకు జరగకూడదా?

నల్లగొండ ముందున్న పని

నల్లగొండది వేరే కథ. ఉమ్మడి జిల్లాలో భువనగిరి, ఆలేరు మీదుగా కాజీపేట లైను పాతకాలం నుంచీ ఉన్నా, నల్లగొండ పట్టణం, మిర్యాలగూడ ప్రజలు రైలు కోసం చాలాకాలం ఎదురుచూశారు. బీబీనగర్ - నడికుడి లైను పూర్తయింది 1989లో. అందుకని వారికి నేరుగా పెద్ద లైనే వచ్చింది. నల్లగొండ ఆడపడుచులు అత్తవారింటి నుంచి మొదటిసారి రైలెక్కి పుట్టింటికి వచ్చిన రోజులు చాలామందికి ఇంకా గుర్తే.

ఆ కాలం నుంచి రెండు జిల్లాల జనాన్నీ మోసినవి మద్రాసు పెరంబూరులోని కోచ్ ఫ్యాక్టరీ పెట్టెలు. 1955లో మొదలైన ఆ కర్మాగారంలో స్విట్జర్లాండ్ నమూనా మీద వీటిని తయారు చేశారు. మొదట ఎర్రమట్టి రంగు, తరువాత నీలం రంగు. ఇనుప చువ్వల కిటికీలు, తలుపు దగ్గర వేలాడే జనం, పల్లీలు అమ్మే పిల్లలు.. ప్యాసింజరు అంటే ఈ రూపమే కళ్ల ముందు నిలుస్తుంది. 2018 జనవరితో ఆ రకం పెట్టెల తయారీ ఆగిపోయింది. వాటి స్థానంలో కొత్త రకం పెట్టెలు, రెండు వైపులా నడిచే మెము బండ్లు వస్తున్నాయి. వయసైపోయిన నీలం పెట్టెల కిటికీలు మూసి, ఆటోలు, కార్లు మోసే గూడ్సు పెట్టెలుగా మారుస్తున్నారు. కొన్నిటిని స్టేషన్ల ముందు హోటళ్లుగానూ పెట్టారు. మిగిలినవి తుక్కుకే.

అంటే మన కళ్ల ముందే మరో తరం బండి సెలవు తీసుకుంటోంది. చిన్న బండిని పంపినప్పుడు ఏమరుపాటుగా ఉన్నాం. ఈసారైనా మేలుకోవచ్చు.

ఇవి చేస్తే మేలు

అమృత్ భారత్ పథకం పేరుతో 2023 నుంచి దేశమంతటా పాత స్టేషన్లకు కొత్త రూపు ఇస్తున్నారు. పాత గోడలు పడిపోతున్నాయి, కొత్త కమానులు లేస్తున్నాయి. ఇదే అదను. మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల, నల్లగొండ, మిర్యాలగూడ స్టేషన్ల ఆవరణలో ఒక్కో మూల పాత వస్తువులకు కేటాయించినా చాలు. తుక్కుకు పంపే వాటిలో ఒక్క పెట్టెను నిలబెడితే బడి పిల్లలు వచ్చి చూస్తారు. టోకెను యంత్రం, రెక్క సిగ్నలు, చేతి లాంతరు, మూడు భాషల్లో ఊరి పేరు రాసిన పాత పలక వంటివి ఏ గోదాములోనైనా ఉంటే వెలికితీయాలి. జడ్చర్ల - మహబూబ్‌నగర్ మధ్య 1956లో ప్రాణాలు పోగొట్టుకున్నవారి గుర్తుగా ఒక శిలాఫలకం ఉండడం న్యాయం. రైల్వే అధికారులు, ప్రజాప్రతినిధులు దీనిపై దృష్టి సారించాలి.

ప్రభుత్వం చేసే వరకు ఆగనక్కర్లేని పని కూడా ఉంది. ఏ పెట్టె అడుగునో అట్ట టికెట్టు ముక్క, సీజను పాసు, పెళ్లి బృందం రైలు ముందు దిగిన ఫోటో ఉండవచ్చు. గ్యాంగుమన్‌గా, గేటుమన్‌గా, ఖలాసీగా పనిచేసి రిటైరైనవారు ఊరూరా ఇంకా ఉన్నారు. వానలో పట్టాల వెంట లాంతరు పట్టుకుని నడిచిన రాత్రుల గురించి వారు చెప్పే మాటలు ఏ పుస్తకంలోనూ దొరకవు. బడి పంతుళ్లు పిల్లల చేత ఆ మాటలు రాయించవచ్చు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లల చేతుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు ఉన్నాయి. ముసలి తాతను ఎదురుగా కూర్చోబెట్టి గంట సేపు మాటలు రికార్డు చేస్తే ఖర్చేమీ కాదు. ఆలస్యం చేస్తే మాత్రం ఆ మాటలు మళ్లీ దొరకవు.

జపాన్‌లో లాగా పలకలు కట్టి కేకలు వేయాలని ఎవరూ అడగడం లేదు. మన పద్ధతి మనకుంది. కొత్త బండి వస్తే కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయ తిప్పి, ఇంజనుకు దండ వేస్తాం. వెళ్లిపోయే బండికి కూడా ఒక దండ వేస్తే సరిపోతుంది. ఏ రోజు వచ్చిందో, ఏ రోజు పోయిందో, ఎందరిని మోసిందో నాలుగు ముక్కలు రాసిపెడితే రేపటి పిల్లలకు తమ తాతలు ఏ దారిన నడిచి వచ్చారో తెలుస్తుంది.